అప్‌డేట్: ర్యాంకు చూసి కాలేజీ పెట్టొచ్చా అని అడిగింది నేనే

మా తమ్ముడి ఎంసెట్ వెబ్ ఆప్షన్లలో ఎన్‌ఐఆర్‌ఎఫ్ (కేంద్ర ప్రభుత్వం ఏటా కాలేజీలకి ఇచ్చే) ర్యాంకు ఉన్న కాలేజీని మొదట పెట్టాలా అని అడిగాను కదా. "ర్యాంకు వదిలెయ్, వాళ్లు పంపిన డేటా చూడు" అన్నారొకరు. ఆ మాటే పనికొచ్చింది.

ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కి ఇచ్చిన వివరాలు కాలేజీలు తమ సైట్లో పెట్టాలట. పీడీఎఫ్ దొరికింది. అందులో ప్లేస్‌మెంట్ వచ్చినవాళ్ల సంఖ్య, మధ్యస్థ జీతం (జీతాలన్నీ వరసగా పెడితే మధ్యలో వచ్చేది), ఫ్యాకల్టీ పేర్లు వరసగా ఉన్నాయి. ఆ లిస్టు ప్రింట్ తీసుకుని కాలేజీకే వెళ్లాం. డిపార్ట్‌మెంట్ గుమ్మం పక్కన బోర్డు మీద, లిస్టులోని పేర్లలో సగం కూడా లేవు. ఆఫీసులో అడిగితే "కొందరు లీవులో ఉన్నారండి" అన్నారు. అంతమందా! మోసమో, పాత లిస్టో తేల్చలేను గానీ మనసు విరిగింది.

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో కొలంబియా యూనివర్సిటీ యూఎస్ న్యూస్ అనే సంస్థ ఇచ్చే కాలేజీ ర్యాంకుల జాబితాలో 2వ స్థానంలో ఉండేది. వాళ్ల లెక్కల ప్రొఫెసరే అంకెలు సరిగా లేవని బయటపెట్టాడు. 2022లో 18కి పడిపోయింది. అక్కడా కాలేజీ చెప్పిందే డేటా మరి.

ఇంకోటి, ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో 30 శాతం మార్కులు పరిశోధనకే. బీటెక్ పిల్లాడికి ల్యాబ్‌లో కంప్యూటర్ ఆన్ అవుతుందా లేదా అన్నది అందులో ఎక్కడ తెలుస్తుంది?

చివరికి సీనియర్లతో మాట్లాడి, ర్యాంకే లేని కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టాం. సీటొచ్చింది. నాన్న మాత్రం చుట్టాలకి ఇంకా చెప్పలేదు.