అప్‌డేట్: మినిట్స్‌లో మా అసమ్మతి ఎక్కింది

పోయిన నెల అడిగాను కదా, హనుమకొండలోని మా అటానమస్ కాలేజీ అకడమిక్ కౌన్సిల్‌లో (చదువు, పరీక్షల విషయాలు తేల్చే సభ) ఎజెండాలో లేని ఇంటర్నల్ మార్కుల మార్పును "అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు" కింద తెచ్చి, మినిట్స్‌లో (మీటింగ్ రికార్డులో) "ఏకగ్రీవం" అని రాశారు, ఏం చేయాలని. నేనూ, ఇంకో మేడమ్ ఒప్పుకోలేదు.

మీరు చెప్పినట్టే మొన్నటి మీటింగ్ దాకా ఆగాను. మొదటి అంశం పాత మినిట్స్ ధ్రువీకరణే. అక్కడే లేచి, ముందురోజు రాసిచ్చిన సవరణ చదివాను. నిర్ణయం మార్చమని కాదు, జరిగింది జరిగినట్టు రాయమని. ప్రిన్సిపాల్ సార్ కాసేపు ఏమీ అనలేదు. యూనివర్సిటీ నామినీగా వచ్చిన ప్రొఫెసర్ "అది వాళ్ల హక్కే" అన్నాక, మెంబర్ సెక్రటరీ రిజిస్టర్ తెరిచి "ఏకగ్రీవంగా" మీద గీత కొట్టి, పైన "ఇద్దరు సభ్యుల అసమ్మతితో" అని రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టారు. ఆ గీత చూస్తుంటే నాకు గొంతు పూడుకుపోయింది.

మార్కుల మార్పు మాత్రం అట్లనే ఉంది. పునఃపరిశీలనకు ఈసారి ఎజెండా నోట్ ఇచ్చాను. యూజీసీ నిబంధనల ప్రకారం సీనియారిటీ రొటేషన్‌లో కౌన్సిల్‌కు వచ్చే టీచర్లం నలుగురమే. మిగతా ఇద్దరితో రేపు మాట్లాడతా.