అప్‌డేట్: తమ్ముడికి సిస్ప్లాటిన్ మూడు సైకిల్స్ అయిపోయాయి

వృషణాల క్యాన్సర్‌కి మా తమ్ముడికి సిస్ప్లాటిన్ అనే కీమో మందు ఇస్తామన్నారు, కిడ్నీలు పోతాయని అందరూ భయపెడుతున్నారు, ఒప్పుకోవాలా అని అప్పట్లో అడిగాను కదా. ఒప్పుకున్నాం. డాక్టర్ గారు విడమరిచి చెప్పాక ధైర్యం వచ్చింది, ఈ మందులోని ప్లాటినం కణంలో డీఎన్ఏ పోగుల్ని ముడేసేస్తుంది, కణం విడిపోలేక చచ్చిపోతుంది, ఈ రకం క్యాన్సర్ ఆ దెబ్బకి బాగా లొంగుతుందంట, 1978లో అమెరికాలో అనుమతి వచ్చినప్పటి నుంచీ వాడుతున్నారు.

ఒక్కో సైకిల్‌లో వరుసగా ఐదు రోజులు ఎక్కించారు, ముందూ తర్వాతా సెలైన్ సీసాలు, వచ్చిన యూరిన్ ఎంతో కొలిచి రాసుకోవడం, అదంతా కిడ్నీల కోసమే. కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, పెరగలేదు గానీ మెగ్నీషియం పడిపోయింది, అదీ ఎక్కించారు. వాంతులకి ముందే మందులిచ్చినా మొదటిసారి చాలా నలిగిపోయాడు పాపం.

చెవుల సంగతి మాత్రం నన్ను బాధపెడుతోంది. రెండో సైకిల్ తర్వాత గుయ్యిమని ఒకటే మోత అన్నాడు, వాడి చేతి గడియారం అలారం సన్నగా మోగుతుంటే నాకు వినిపిస్తోంది, పక్కనే ఉన్న వాడికి వినిపించట్లేదు. ఆడియోగ్రామ్‌లో, అంటే వినికిడి టెస్ట్‌లో, హై ఫ్రీక్వెన్సీలు (సన్నటి కీచు శబ్దాలు) వినడం తగ్గిందని వచ్చింది, ఇది తిరిగి రాకపోవచ్చన్నారు. మందు మొదలుపెట్టకముందే ఈ టెస్ట్ ఒకటి చేయించుకోండి, పోల్చుకోడానికి ఉంటుంది. పిల్లలు కావాలనుకునేవాళ్ళు వీర్యం దాచిపెట్టుకోవడం కూడా అప్పుడే అడగండి.

నిన్న ట్యూమర్ మార్కర్లు (క్యాన్సర్ జాడ చెప్పే రక్తపరీక్షలు) నార్మల్ వచ్చాయి, స్కాన్ వచ్చే వారం.