ఆంకోర్ వాట్‌లో కథ ఎవరు చెప్పాలి: మన టూర్ మేనేజరా, అక్కడి గైడా?

మూడోమెట్టు:

అమ్మానాన్నలతో పోయిన నెల కంబోడియా వెళ్ళొచ్చాను. హైదరాబాద్ నుంచి గ్రూప్ టూర్, 26 మందిమి. మధ్యాహ్నం పెరుగన్నం, ఆవకాయతో సహా అన్నీ వాళ్ళే చూసుకున్నారు. తిండి విషయంలో ఒక్క మాట అనడానికి లేదు. నా బాధంతా గుళ్ళ దగ్గర జరిగినదాని గురించి.

అక్కడి గైడ్ యాభై దాటిన మనిషి. ఒక్కో మాట ఏరుకుంటూ నెమ్మదిగా ఇంగ్లీషు మాట్లాడతాడు. ఆయన చెప్పింది మా మేనేజర్ తెలుగులో చెప్పాలి, అదీ ఏర్పాటు. ఆంకోర్ వాట్ దక్షిణపు వసారాలో ఆ గుడి కట్టించిన రాజు రెండో సూర్యవర్మ గద్దె మీద కూర్చున్న శిల్పం ఉంది. చుట్టూ గొడుగులు, వింజామరలు. ముందుకెళ్తే ఏనుగుల మీద సేనాపతులు, వాళ్ళ పేర్లు పక్కనే చిన్న అక్షరాల్లో చెక్కి ఉన్నాయి. గైడ్ గోడకి తగలకుండా గాలిలో వేలు కదుపుతూ ఆ పేర్లు చదివి వినిపించాడు. దానికి మా మేనేజర్ చేసిన తెలుగు ఇది: "చూశారా, మన చోళులు ఇంత దూరం వచ్చి ఎంత గుడి కట్టారో!"

గైడ్‌కి తెలుగు రాదు, కానీ 'చోళ' అన్న మాట పట్టుకున్నాడు. "నో చోళా సర్, ఖ్మేర్" అన్నాడు నవ్వుతూనే. ఖ్మేర్ అంటే అక్కడి జనం, వాళ్ళ భాష కూడా. రోజూ ఎవరో ఒకరికి చెప్పే మాటే అయ్యుంటుంది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. బస్సెక్కాక ఇదేంటని అడిగితే ఇద్దరు అంకుల్స్ నా మీదికే వచ్చారు, "మన గొప్ప మనం చెప్పుకుంటే నీకేంటి నొప్పి" అని.

ఫిబ్రవరిలో మా పెద్దమ్మా వాళ్ళు నలుగురు వెళ్తామంటున్నారు. తెలుగు గ్రూపులో పంపనా, విడిగా అక్కడి గైడ్‌ని మాట్లాడనా? అసలు ఆ గుళ్ళ కథ ఎవరి నోట వినాలి?

గోదారిగట్టు:

అంకుల్స్ అన్నదాంట్లో తప్పేముందండీ? గోడల నిండా కురుక్షేత్రం, లంకాయుద్ధం, క్షీరసాగర మథనం. రాజు పేరు సూర్యవర్మ, పోయాక పెట్టిన పేరు పరమవిష్ణులోక. శాసనాలు సంస్కృతం. ఇంకా మనది కాదంటే ఎవరిది? చోళులు కాకపోతే పల్లవులు కట్టుంటారు. ఒక్కరోజు టికెట్టుకే 37 డాలర్లు పోసినవాడు ఆమాత్రం గర్వపడకూడదా?

పాతరాయి:

గోదారిగట్టు గారూ, చోళులు కాకపోతే పల్లవులు, పల్లవులు కాకపోతే ఇక్ష్వాకులు అనుకుంటూ పోతే చివరికి మా ఊరి సర్పంచి దాకా వస్తాం 🙂

ఖ్మేర్ రాజ్యం మొదలైందని చెప్పుకునే ఏడాది 802. రెండో జయవర్మ కులెన్ కొండ మీద పట్టాభిషేకం చేసుకున్నాడు. ఆ కొండకి అప్పటి పేరు మహేంద్రపర్వతం. ఆంకోర్ వాట్ కట్టిన రెండో సూర్యవర్మ గద్దెనెక్కింది 1113లో. అంటే వాళ్ళు అప్పటికే మూడొందల ఏళ్ళుగా గుళ్ళు కడుతున్నారు. రాజేంద్ర చోళుడు 1025లో ఓడలు పంపింది శ్రీవిజయ మీదికి, అంటే సుమత్రా, మలయా వైపు. ఆంకోర్ మీదికి కాదు. ఖ్మేర్ రాజు ఆయనకి స్నేహంగా రథం కానుక పంపాడని కరందై తామ్రశాసనంలో ఉంది. కాంబోజ రాజు, అంటే ఖ్మేర్ రాజే, ఇచ్చిన ఒక రాయిని తర్వాత కులోత్తుంగుడి కాలంలో చిదంబరం గుడిలో పెట్టించారు. కానుకలు ఇచ్చిపుచ్చుకునే ఇరుగుపొరుగు వాళ్ళు అన్నమాట. చోళులు వచ్చి కట్టిపెట్టారనడానికి దీంట్లో ఏముంది?

శాసనాల మాటకొస్తే, సంస్కృతం ఒక్కటే కాదు, పాత ఖ్మేర్‌లోనూ బోలెడున్నాయి. దేవుణ్ణీ రాజునీ పొగడటానికి సంస్కృతం, గుడికిచ్చిన పొలాలూ బియ్యం లెక్కలూ పనివాళ్ళ పేర్లూ రాయడానికి ఖ్మేర్. మన పాత శాసనాల్లో పొగడ్త సంస్కృతంలో, పొలం గట్లు తెలుగులో ఉంటాయి చూడండి, అలాగే.

ఇంకోటి. పాలంపేటలో రామప్ప గుడి 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆంకోర్‌లో ఏడో జయవర్మ బయోన్ గుడి గోపురాల మీద ఆ పెద్ద పెద్ద ముఖాలు చెక్కిస్తున్నాడు. రేపు ఎవరో కాశీ నుంచి వచ్చి "శివుడు మా ఊరివాడు కాబట్టి రామప్ప మేం కట్టిందే" అంటే మీరు ఊరుకుంటారా?

గోదారిగట్టు:

ఊరుకోను. రామప్ప పోలిక గట్టిగానే తగిలింది, ఒప్పుకుంటా.

కానీ అటువైపు గైడ్లు తక్కువ తిన్నారా? మా బావ వెళ్ళినప్పుడు గైడ్ "ఇది బౌద్ధ దేవాలయం" అని మొదలుపెట్టి విష్ణువు పేరు ఒక్కసారే ఎత్తాడట. అదీ తప్పే కదా?

విశాఖ వాసంతి:

బౌద్ధం సంగతి గోదారిగట్టు గారికి: కట్టింది విష్ణువుకి, తర్వాత బౌద్ధుల గుడి అయింది, ఇప్పటికీ భిక్షువులు వస్తారు, పూజలు జరుగుతాయి. రెండూ నిజమే. అసలు ఆ గుడి ఎన్నడూ పూర్తిగా పాడుబడలేదంటే కారణం బౌద్ధులే.

మీరంతా రాజుల గురించి కొట్టుకుంటున్నారు, నేను మా అత్తగారి గురించి చెప్తాను. ఆవిడకి 71. తెలుగు తప్ప ఇంకోటి రాదు. మేం గ్రూపుతో కాకుండా విడిగా వెళ్ళాం, లైసెన్సున్న ఖ్మేర్ అమ్మాయిని గైడ్‌గా పెట్టుకున్నాం. మంచి పిల్ల, చాలా చదువుకుంది. కానీ మొదటి గంటంతా అత్తయ్య ముఖం చూస్తే జాలేసింది. నేను ముక్కలు ముక్కలుగా చెప్తుంటే "ఊఁ ఊఁ" అంటారు, అంతే.

పడమటి వసారాలో కురుక్షేత్రం దగ్గరికి వచ్చాం. ఒక్కసారిగా ఆగిపోయి "అమ్మాయ్, భీష్ములవారు!" అన్నారు. అంపశయ్య మీద పడుకుని ఉన్నాడు, ఒళ్ళంతా బాణాలు, చుట్టూ మనుషులు. ఎవరూ చెప్పలేదు, ఆవిడే గుర్తుపట్టారు. తర్వాత ఇంక నేను అనువదించలేదు. అత్తయ్య తెలుగులో భీష్ముడి కథ చెప్తుంటే నేను ఆ పిల్లకి ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది! ఉత్తరాయణం కోసం ప్రాణం నిలుపుకున్నాడని చెప్తే ఆ పిల్ల ఫోన్‌లో నోట్ చేసుకుంది.

ఇంకో ముచ్చట. పడమటి ద్వారం దగ్గర ఎనిమిది చేతుల విష్ణువు నిలబడి ఉంటాడు. మనకి విష్ణువు, అక్కడివాళ్ళకి తా రీచ్. ఊరిని కాచే దేవుడిలా కొలుస్తారు, అగరొత్తులు, పండ్లు, పసుపు గుడ్డ కడతారు. 'తా' అంటే ఖ్మేర్‌లో తాత అట. అక్కడే ఇంకో గుడి పేరు తా ప్రోమ్, అంటే బ్రహ్మ తాత. మన తాతకీ వాళ్ళ తాకీ చుట్టరికం ఉందని ఇక్కడెవరూ మొదలెట్టకండి బాబూ, మాట కలిసిందంతే. కానీ అత్తయ్యకి అది భలే నచ్చింది. చెప్పులు విప్పి "నారాయణ తాతా" అని దణ్ణం పెట్టుకున్నారు. పక్కన ఒక ఖ్మేర్ ముసలావిడ అగరొత్తులు వెలిగిస్తూ ఈవిడకీ మూడు ఇచ్చింది.

బ్యాగుతో బాబాయ్:

వాసంతి గారి పోస్టు బాగుంది, కానీ స్థానిక గైడ్ అనగానే సత్యహరిశ్చంద్రుడు అనుకోకండి. తా ప్రోమ్‌లో మా గైడ్ ఒక గుండ్రటి చిన్న శిల్పం చూపించి "ఇది డైనోసార్, మా వాళ్ళకి అప్పుడే తెలుసు" అన్నాడు. వీపు మీద పలకల్లాంటివి ఉన్న మాట నిజమే. అది ఖడ్గమృగమో అడవిపందో, వెనక ఉన్నవి ఆకులో అలంకారమో అయ్యుంటుంది. అడిగితే కన్ను గీటాడు. తర్వాత అరగంట ఫలానా సినిమాలో కనిపించిన చెట్టు దగ్గర ఫోటోల క్యూ. ఏడో జయవర్మ 1186లో వాళ్ళమ్మ పేరున కట్టించిన గుడి అది, ఆ ఒక్క ముక్క చెప్పడానికి టైం లేదు. పట్టు దుకాణానికి మాత్రం గంటంపావు ఉంది. కమీషన్లు అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి.

లగేజీ లెక్క 26:

నేను టూర్ మేనేజర్‌ని. కంపెనీ పేరు అడగొద్దు. మూడోమెట్టు గారూ, మీ గ్రూపుతో వచ్చింది నేను కాదు, కానీ అయ్యుండొచ్చు కూడా. అందుకే రాస్తున్నా.

గుళ్ళ దగ్గర గైడ్‌గా చెప్పే లైసెన్సు అక్కడివాళ్ళదే, మాది కాదు. వాళ్ళు చెప్పేది మేం తెలుగులో అనాలి. ఎండలో 26 మంది, అందులో ఆరుగురు బాత్‌రూం ఎక్కడ అంటారు, ఇద్దరు తప్పిపోతారు. గైడ్ నాలుగు నిమిషాలు చెప్పింది నేను నలభై సెకన్లలో చెప్పాలి. ఆ నలభై సెకన్లలో జనం ఏది వింటారో అదే చెప్తాం. ఒకసారి ఉన్నదున్నట్టు "ఇప్పుడిది బౌద్ధుల గుడి" అన్నాను. "అయితే లక్షలు పోసింది బుద్ధుడి కోసమా" అని వెనక నుంచి ఒకాయన. ఆ ట్రిప్పులో టిప్పులు కూడా అంతంతమాత్రమే. 'మనది' అన్న రోజున చప్పట్లు.

తప్పని నాకూ తెలుసు. చోళ మాట నేనూ అన్నాను, రెండు మూడేళ్ళు. మానేసింది ఎందుకంటే ఒక గైడ్ వాళ్ళ నాన్న సంగతి చెప్పాడు. 1975 నుంచి 1979 దాకా ఖ్మేర్ రూజ్ అనే తీవ్ర కమ్యూనిస్టులు ఏలిన రోజుల్లో వాళ్ళ నాన్న పోయాడు. మిగిలినవాళ్ళకి ఇల్లు లేదు, ఊరు లేదు. "జెండా మీద మాత్రం ఈ గుడి ఉంది సార్, ఆ జెండాలు ఎన్ని మారినా గుడి బొమ్మ పోలేదు" అన్నాడు. అది విన్నాక ఆయన పక్కన నిలబడి 'మన చోళులు' అనడానికి నాకు నోరు రాలేదు.

పాతరాయి:

లగేజీ లెక్క గారూ, ఇది రాయడానికి ధైర్యం కావాలి. నమస్తే.

నా అభ్యంతరం గర్వం మీద కాదు. 'అంతా మనదే' అనుకుంటూ చూస్తే అసలు తమాషా కనబడకుండా పోతుంది, అదీ నా బాధ. క్షీరసాగర మథనం గోడ తీసుకోండి. దాదాపు 49 మీటర్ల పొడవు. ఒకవైపు 92 మంది అసురులు, ఇంకోవైపు 88 మంది దేవతలు, నడుమ కూర్మం, మందరం, విష్ణువు. మనకి తెలిసిన కథే కదా అని దాటిపోతాం. కానీ తోక చివరిదాకా నడవండి. దేవతల వైపు వాసుకి తోక పట్టుకుని ఒక పెద్ద కోతి ఉంటుంది! పోతన భాగవతంలో కోతి ఎక్కడుంది? అటు తల దగ్గర రావణుడిలా బోలెడు తలలున్న అసురుడు. మన కథని వాళ్ళు తీసుకుని, తమ ఇష్టప్రకారం రామాయణం వాళ్ళని కూడా తాడు లాగడానికి పిలిచారు. ఇది అడగాల్సింది ఖ్మేర్ గైడ్‌నే.

వాళ్ళ రామాయణం పేరు రీమ్‌కేర్. అందులో హనుమంతుడు వారధి కడుతుంటే రావణుడి కూతురు, సువర్ణమత్స్య అనే చేపకన్య, రాళ్ళు తీసేయిస్తూ ఉంటుంది. చివరికి ఇద్దరికీ ప్రేమ. ఇది విని మా గ్రూపులో ఒకాయన చెవులు మూసుకున్నాడు. మన దగ్గర సువర్చలా సమేత ఆంజనేయుడికి కల్యాణం చేస్తాం, మైరావణ కథలో మత్స్యవల్లభుడు ఆయన కొడుకే అంటాం, ఆ సంగతి మర్చిపోయి.

నిజంగా తెలుగువాళ్ళకి దగ్గరి బంధం కావాలంటే లిపి ఉంది. ఖ్మేర్ లిపి పల్లవ లిపి నుంచి వచ్చింది. పల్లవుల తొలి శాసనాల్లో ఒకటి మన పల్నాడులోని మంచికల్లులో దొరికింది. తేదీ ఉన్న ఖ్మేర్ శాసనాల్లో పాతది 611 నాటిది. మంచి గైడ్ దొరికితే ఒక అక్షరం చూపించమనండి, తలకట్టు లాంటిది కనిపించి సరదాగా ఉంటుంది.

గోదారిగట్టు:

ఆ కోతి సంగతి నాకు తెలీదు. బావ ఫోటోలు పెద్దవి చేసి చూశా, ఉంది!

అయినా ఒకటి. 1986 నుంచి 1993 దాకా ఆ గుడిని బాగుచేసింది మన పురావస్తు శాఖ. యుద్ధం పూర్తిగా ఆగని దేశానికి వెళ్ళి చేశారు. అదన్నా 'మన' అనొచ్చా?

పాతరాయి:

తప్పకుండా అనొచ్చు. రసాయనాలతో రాళ్ళు కడిగారని అప్పట్లో వచ్చిన విమర్శ కూడా 'మన' ఖాతాలోనే వేసుకుంటే సరి. తర్వాత తా ప్రోమ్‌లో ఆ గుళ్ళని చూసుకునే అక్కడి ప్రభుత్వ సంస్థ అప్సరాతో కలిసి చేసిన పని చూడండి. చెట్టు కొట్టకుండా గోడ నిలబెట్టడం ఆషామాషీ కాదు.

మూడోమెట్టు:

ఇంత వస్తుందనుకోలేదు. పెద్దమ్మతో మాట్లాడాను. గ్రూపులోనే వెళ్తుందట, "ఆవకాయ లేకుండా ఆరు రోజులు నావల్ల కాదు" అంది. కాకపోతే మూడు రోజుల టికెట్టు, 62 డాలర్లది, సొంతంగా కొనుక్కుని గ్రూపు షాపింగ్‌కి పోయే పూట విడిగా గైడ్‌ని పెట్టుకుని బంతే శ్రీ వెళ్తారు. 967 నాటి గుడి, ఎర్రరాతి మీద కైలాసం ఊపుతున్న రావణుడు, అర చేతిలో పట్టేంత బొమ్మలు. మా టూర్‌లో దానికి ఇచ్చింది ఇరవై నిమిషాలు. పెద్దమ్మకి ఇంగ్లీషు రాదు కాబట్టి కథలన్నీ తెలుగులో ఒక నోట్‌బుక్‌లో రాసిస్తున్నా.

విశాఖ వాసంతి:

మంచి పని. ఆంకోర్ వాట్ వెళ్ళే రోజు మాత్రం శీల దినం కాకుండా చూసుకోండి. బౌద్ధుల పుణ్యదినం, నెలకి నాలుగు వస్తాయి, ఆ రోజు పై అంతస్తుకి ఎక్కనివ్వరు. మిగతా రోజుల్లో ఎక్కనిచ్చినా భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. చీరకి ఇబ్బంది లేదు, జాకెట్టు చేతులు భుజాలు కప్పేలా ఉండేట్టు చూసుకోమనండి. చెక్కమెట్లు నిచ్చెనలా నిట్టనిలువుగా ఉంటాయి. మా అత్తయ్య ఏడు ఎక్కి దిగిపోయారు. పెద్దమ్మగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

గోదారిగట్టు:

మూడోమెట్టు గారూ, ఆ నోట్‌బుక్ పేజీలు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. కోతిది మొదట రాయండి. చోళుల మాట మాత్రం నేను ఇంకా పూర్తిగా వదల్లేదు, సంక్రాంతికి చిదంబరం వెళ్తున్నాం, ఆ కాంబోజ రాయి ఎక్కడుందో చూసొచ్చి మాట్లాడతా.