అప్‌డేట్: చెల్లి అండాశయంలో 7 సెంటీమీటర్ల సిస్ట్, కీహోల్ సర్జరీ అయింది

చెల్లికి పొట్ట కోయాలా, కీహోల్ సరిపోతుందా అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ఎంఆర్‌ఐ చేయించమన్న సలహానే పనికొచ్చింది. సిస్ట్‌లో కొవ్వు కనబడింది, డెర్మాయిడ్ (కొవ్వు, వెంట్రుకల్లాంటివి ఉండే, సాధారణంగా క్యాన్సర్ కాని సిస్ట్) అన్నారు. లాప్రోస్కోపీలో (అదే కీహోల్ సర్జరీలో) సిస్ట్‌ను మాత్రం ఒలిచి, లోపలే సంచిలో వేసి బొడ్డు దగ్గరి రంధ్రం గుండా తీశారు. అండాశయం దక్కింది, మాకు అదే పెద్ద ఊరట. డాక్టరు గారు ఫొటో చూపించారు, జిడ్డులో ఉండలు చుట్టుకున్న వెంట్రుకలు! బయాప్సీలో క్యాన్సర్ లేదు. రక్తపరీక్షలో ఎక్కువగా వచ్చి మాకు నిద్ర లేకుండా చేసిన సీఏ-125 (అండాశయ క్యాన్సర్ అనుమానముంటే చూసే ప్రొటీన్) గురించి టెన్షన్ అనవసరమని తేలింది. నెలసరి రోజుల్లో కూడా అది కొంచెం పెరుగుతుందట. కషాయాలతో డెర్మాయిడ్ కరగదు, వాటికోసం ఆగకండి. కుట్ల కన్నా భుజం నొప్పే ఎక్కువ బాధపెట్టింది. సర్జరీ కోసం పొట్టలో నింపే కార్బన్ డయాక్సైడ్ వల్లనట, మెల్లగా నడుస్తుంటే తగ్గిపోయింది.