మెమరీ అయిపోతే ప్రోగ్రామ్‌ని చంపాలా, అడిగినప్పుడే "లేదు" అనాలా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)
ఊడుపుల సీజను. కౌంటరు ముందు పదిమంది రైతులు నిలబడి ఉండగా మా ఎరువుల షాపులో బిల్లింగ్ ఆగిపోయింది. చేత్తో బిల్లులు రాసిచ్చి పంపాం. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత పీసీ, లినక్స్, స్వాప్ (ర్యామ్ నిండితే వాడుకునే డిస్కు జాగా) లేదు. కెర్నల్ (లినక్స్ గుండెకాయ) లాగ్ తీస్తే "ఔట్ ఆఫ్ మెమరీ: కిల్డ్ ప్రాసెస్ 1142". ఆ 1142 మా డేటాబేస్. తప్పు దానిది కాదు. పాత బిల్లులు పీడీఎఫ్ చేద్దామని మావాడు ఒకేసారి ఇరవై ప్రాసెస్‌లు వదిలాడు. విడివిడిగా అవి చిన్నవి. ఓఓఎమ్ కిల్లర్ (మెమరీ అయిపోతే ఏదో ఒక ప్రాసెస్‌ని చంపే కెర్నల్ భాగం) చూసేది ఒక్కో ప్రాసెస్ ఎంత పట్టుకుందనే. పెద్దది డేటాబేస్ కాబట్టి దానికే మూడింది.

లేనప్పుడు లేదనాలి, ఇదే నా వాదన. లినక్స్ దాదాపు అడిగిన ప్రతివాడికీ సరే అంటుంది, పేజీని (మెమరీ ముక్కని) ముట్టుకున్నాకే ర్యామ్ వెతుకుతుంది. విండోస్ అయితే ర్యామ్, పేజ్‌ఫైల్ (విండోస్ స్వాప్) కలిపి ఎంతుందో అంతకే మాటిస్తుంది, దాటితే అడిగినప్పుడే కాదంటుంది. విస్తరి వేసి, అన్నం కలుపుకున్నాక లేపేస్తారా ఎవరినైనా?

కోట జంక్షన్ (విజయనగరం)
బాబూ, కాలేజీ ల్యాబులో ఓవర్‌కమిట్_మెమరీ 2 పెట్టి (లెక్క దాటితే అడిగినప్పుడే లేదనమని కెర్నల్‌కి చెప్పి) నడిపినవాణ్ణి. ఇంకేమీ మార్చకపోతే స్వాప్‌కి తోడు ర్యామ్‌లో సగమే లెక్కలోకి వస్తుంది. నీ పీసీ 2 జీబీ దగ్గరే చేతులెత్తేస్తుంది. ఫోర్క్ (ప్రాసెస్ తన నకలు తీయడం) ఇంకో తలనొప్పి. 1.5 జీబీ ప్రాసెస్ ఓ చిన్న కమాండ్ కోసం ఫోర్క్ అయితే, ఒక్క పేజీ కాపీ అవకపోయినా ఇంకో 1.5 జీబీ లెక్క రాయాలి. పైగా ఆ "లేదు" ఎవరికి తగులుతుంది? ఆ క్షణంలో అడిగినవాడికి. అది నీ డేటాబేసే కావచ్చు.

నాగావళి గట్టు
కావచ్చు మాస్టారూ. అప్పుడు ఆ ఒక్క క్వెరీ ఫెయిలవుతుంది, డేటాబేస్ బతుకుతుంది. సిగ్‌కిల్ (కిల్లర్ చంపేటప్పుడు పంపే సిగ్నల్) సర్దుకునే టైమే ఇవ్వదు. పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్ 2 పెట్టుకోమనేది ఇందుకే.

కోట జంక్షన్
రెడిస్ 1 (ఎంతడిగినా సరే అనమని) పెట్టమంటుంది మరి! డేటాని డిస్కుకి దించేటప్పుడు అది ఫోర్క్ చేస్తుంది. ఒకే కెర్నల్, రెండు డేటాబేసులు, రెండు రకాల సలహాలు. ఇంక కెర్నల్ ఎవరి మాట వినాలి?

జీడితోట (పలాస)
చంపడం సరే, దానికి ముందు పావుగంట సంగతేటి? మౌస్ కదలదు, డిస్క్ లైటు ఆరదు. స్వాప్ లేకపోయినా ఇదే వరస: కెర్నల్ ప్రోగ్రామ్ కోడ్ పేజీలనే తీసేసి, మళ్ళీ డిస్కు నుంచి చదువుతూ కూర్చుంటుంది. ఏదో పని జరుగుతోంది కదా అని కిల్లర్‌ని పిలవదు. 2018లో 4.20 కెర్నల్‌తో పీఎస్ఐ అనే కొలత వచ్చాక ఎంతసేపు మెమరీ కోసం ఆగుతున్నామో కొలవడం కుదిరింది. దాన్ని చూసి ముందే చంపే సిస్టమ్‌డీ-ఓఓఎమ్‌డీని ఫెడోరా 34 (ఓ లినక్స్ రకం) 2021లో డిఫాల్ట్ చేసింది. నన్నడిగితే చంపేదేదో తొందరగా చంపాలి.

కోట జంక్షన్
ఉబుంటు 22.04 అనే ఇంకో లినక్స్‌లో అదే చేస్తే, మెమరీ ఉండగానే బ్రౌజర్ మాయమైందని జనం గోల పెట్టారు.

నాగావళి గట్టు
నిన్న డేటాబేస్‌కి ఓఓఎమ్ స్కోర్ సర్దుబాటు -900 పెట్టాను, ఇక కిల్లర్ దాని జోలికి తేలిగ్గా రాదు. పీడీఎఫ్ పనిని సీగ్రూప్‌లో (ప్రాసెస్‌ల గుంపుకి హద్దు పెట్టే ఏర్పాటు) 1 జీబీకి కట్టేశాను. మెమరీ అయిపోతే ఆ గుంపులోనే ఒకటి పోతుంది. ఏది ముఖ్యమో చెప్పాల్సింది షాపువాడే అయితే, ఆ ముక్క ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఎందుకడగరు మాస్టారూ?