లాన్ తీసేస్తే రిబేటు: తనిఖీలో అసలు ఏమి చూస్తారు?

మల్లెపందిరి:
మాది కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీ. ఇంటి ముందున్న 600 చదరపు అడుగుల లాన్ తీసేసి, తక్కువ నీటితో బతికే మొక్కలు పెట్టాలని, అందుకు ఇచ్చే రిబేటు (కొంత డబ్బు తిరిగి ఇవ్వడం) కోసం మా నీటి సంస్థ వ్యాలీ వాటర్‌కు దరఖాస్తు పెట్టాము. ఇంకా అనుమతి రాలేదు. ఈలోగా తోటపని కాంట్రాక్టరు "ఈ వారం ఖాళీగా ఉన్నాను, గడ్డి తీసేస్తాను, ఫొటోలు ఉన్నాయి కదా" అని తొందరపెడుతున్నారు. ఒప్పుకోవచ్చా? తనిఖీలో ఏమేమి చూస్తారో అనుభవం ఉన్నవారు చెప్పండి.

పెరటిబావి:
వద్దండీ. పని మొదలుపెట్టవచ్చనే అనుమతి పత్రం చేతికి రాకముందే గడ్డి కదిలిస్తే ఆ రిబేటు మీద ఆశ వదులుకోవలసిందే. వాళ్లు డబ్బిచ్చేది మీరు అందమైన తోట వేసినందుకు కాదు, నీళ్లు తాగే లాన్‌ను తీసినందుకు. అది అక్కడ ఉందని ముందు వాళ్లు నిర్ధారించుకోవాలి. కాంట్రాక్టరుకు తీరిక ఉంటే ఈ వారం మరొకరి ఇంటికి వెళ్లమనండి.

ఎడారిగులాబీ:
లాస్ వేగాస్‌లోనూ ఇదే మొదటి నిబంధన. ఇక్కడి నీటి సంస్థ సదరన్ నెవాడా వాటర్ అథారిటీ 1999 నుంచి ఇలాంటి పథకం నడుపుతోంది. గడ్డి బతికి ఉండగానే వాళ్లు వచ్చి చూడాలి. తీసిన ప్రతి చదరపు అడుగుకు ఏడాదికి 55 గ్యాలన్ల నీరు మిగులుతుందని వాళ్ల లెక్క. ఎండబెట్టి చంపేసిన లాన్‌లో మిగిలే నీరేముంది?

నాన్నగారితోట:
ఈ ఒక్క విషయంలో అన్ని ఊళ్లూ ఒకటి కాదు. కరువు కాలంలో నీళ్లు ఆపేసి పసుపు రంగుకు తిరిగిన లాన్‌ను ఒప్పుకునే చోట్లూ ఉన్నాయి. మీ పథకం నిబంధనలే చదవండి, పొరుగు కౌంటీ బంధువుల మాట కాదు.

పెరటిబావి:
పని పూర్తయ్యాక జరిగే తనిఖీలో ఎక్కువమంది తడబడేది మొక్కల విస్తీర్ణం దగ్గర. మొక్కలు పూర్తిగా ఎదిగాక, మార్చిన స్థలంలో కనీసం 50 శాతం కప్పాలి. వ్యాలీ వాటర్‌దీ వేగాస్‌దీ ఇదే లెక్క. మీ 600లో సగం అంటే 300 చదరపు అడుగులు. ఆరడుగుల వెడల్పు పెరిగే మొక్క సుమారు 28 చదరపు అడుగులు కప్పుతుంది, అంటే 11 మొక్కలు చాలు. మూడడుగులే పెరిగే రకమైతే ఒక్కొక్కటి ఏడు చదరపు అడుగులే, 43 కావాలి. నర్సరీలో చిన్న కుండీలో ముద్దుగా కనిపించిందని కొనకండి. చీటీ మీద ఎంత వెడల్పు పెరుగుతుందో చూసి, ఆమోదించిన మొక్కల జాబితాలో ఉందో లేదో సరిచూసి కొనండి.

మల్లెపందిరి:
ఆ జాబితాలో కరివేపాకు ఉంటుందా? మా అత్తగారు అడగమన్నారు.

నాన్నగారితోట:
అత్తగారికి నమస్కారం. కరివేపాకును రిబేటు లెక్కలో కలపకుండా వేరేగా పెంచుకోండి. ఇంకో మాట. నిమ్మజాతి చెట్లకు తెగులు మోసుకొచ్చే సిల్లిడ్ పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. అందుకే కాలిఫోర్నియాలో ఆ మొక్కను ఒక చోటి నుంచి మరో చోటికి తీసుకువెళ్లడం మీద క్వారంటీన్ ఆంక్షలు ఉన్నాయి. స్నేహితుల ఇంటి నుంచి పిలక తెచ్చుకోవద్దు, లైసెన్సు ఉన్న నర్సరీలో కొనండి.

గోదారిగట్టు:
మాది దక్షిణ కాలిఫోర్నియా. ఇక్కడ మెట్రొపాలిటన్ వాటర్ డిస్ట్రిక్ట్ పథకంలో శాతం లెక్క కాదు, ప్రతి 100 చదరపు అడుగులకు మూడు మొక్కలు ఉండాలి. వాన నీరు వీధి పాలు కాకుండా నేలలో ఇంకే ఏర్పాటు కూడా ఒకటి చూపించాలి. మన ఇంకుడు గుంత లాంటిదే అనుకోండి. ప్లాస్టిక్ గడ్డి పరిస్తే రిబేటు రాదు.

నీటిబొట్టు:
మొక్కల సంగతి అందరూ చెప్పారు, పైపుల సంగతి నేను చెబుతాను. మా ఇంటికి తనిఖీకి వచ్చినావిడ మొక్కలను ఒకసారి చూసి, నేరుగా కంట్రోలర్ (తోటకు నీళ్లు వదిలే మీటల పెట్టె) దగ్గరకు వెళ్లి నీళ్లు వదలమన్నారు. డ్రిప్ బొట్లు బొట్లుగా పడుతోంది, అంతా బాగుంది అనుకునేంతలో నేల మీద పరిచిన చెక్క బెరడు పొరను చీల్చుకుని పాత స్ప్రింక్లర్ ఒకటి పైకి లేచి ఆవిడ బూట్ల మీద చిమ్మింది. పనివాళ్లు దానికి మూత బిగించకుండా పైన బెరడు కప్పేశారు. ఆవిడ నవ్వారు గానీ సంతకం పెట్టలేదు. సరిచేయించాకే ఆమోదం వచ్చింది. మీరు ముందే ప్రతి వాల్వూ తెరిచి చూసుకోండి.

ఎడారిగులాబీ:
డ్రిప్‌కు ఫిల్టరు, పీడనం తగ్గించే రెగ్యులేటరు ఉండాలి. వేగాస్‌లో ఈ రెండూ తప్పనిసరి, ఒక్కో ఎమిటరు (నీటిని బొట్లుగా వదిలే మూతి) గంటకు 20 గ్యాలన్లు దాటకూడదు. కలుపు రాకుండా బెరడు కింద నల్ల ప్లాస్టిక్ షీటు పరుస్తామంటారు కాంట్రాక్టర్లు. పరవనివ్వకండి. గాలి, నీరు దిగే గుడ్డే వాడాలి.

మల్లెపందిరి:
అందరికీ ధన్యవాదాలు. కాంట్రాక్టరుకు ఆగమని చెప్పేశాను. మా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు పచ్చటి లాన్ ఉండాల్సిందే అంటే?

గోదారిగట్టు:
కాలిఫోర్నియా సివిల్ కోడ్ 4735 చూపించండి. తక్కువ నీటి మొక్కలను హెచ్‌ఓఏ నిషేధించడానికి వీల్లేదు. మొక్కల అమరిక ఎలా ఉండాలో మాత్రం చెప్పగలరు, కాబట్టి ప్లాను ఒక ప్రతి వాళ్లకూ ముందే పంపండి.

పెరటిబావి:
ప్లానులో ఇప్పుడున్న చెట్లను కూడా గీసి, వాటి నీడను 50 శాతంలో కలుపుతారో లేదో ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. కలిపితే కొనే మొక్కలు తగ్గుతాయి.