గొడవైతే ‘సర్దుకపోండ్రి’ అనుడేనా మేనేజర్ పని?

బిల్లింగ్ తమ్ముడు, వరంగల్:
ఎనుమాముల మార్కెట్ దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీల బిల్లింగ్ చూస్త. మొన్న ఛాంబర్ ఇన్‌చార్జి ఒక రైతు చపాటా రకం మిర్చి బస్తాలను తేజ రకం లాట్‌ల రాసిండు. బాండు, అంటే మేమిచ్చే సరుకు రసీదు, చూసి రైతు నా మీద పడ్డడు. నేను రిజిస్టర్ తీసి చూపిస్తే, హమాలీల ముందటనే ఇన్‌చార్జి నన్ను బూతులు తిట్టిండు. మేనేజర్ ఇద్దరినీ పిలిచి చాయ్ తాపిండు. ‘సీజన్ల లొల్లి వద్దు, సర్దుకపోండ్రి’ అన్నడు. గంతే. అప్పటిసంది తప్పు కనవడ్డా నేను నోరు తెరుస్తలేను. మేనేజర్ చేసింది సరైందేనా?

పాత ఫోర్‌మన్, హన్మకొండ:
తమ్మీ, నేను స్పిన్నింగ్ మిల్లుల షిఫ్టులు నడిపినోన్ని. సీజన్ల ఇన్‌చార్జిని నలుగుట్ల తప్పువడితే తెల్లారి పనికి రాడు. రైతుల బస్తాలు ఎండల ఉంటయి. నేనున్నా అప్పటికి చల్లబరిచేటోన్నే.

కాజీపేట అక్క, హెచ్ఆర్:
అన్నా, చల్లబరుచుడు తప్పు గాదు, ఆడనే ఆపుడు తప్పు. మాట మీది కోపం చాయ్‌తోని పోతది. లాట్ తప్పు పోతదా? అది రిజిస్టర్ ముందట పెట్టి తేల్చాలె. అదీ ముందుగాల ఎవరిని వాళ్లను విడిగ అడిగి. తిట్టినోని పక్కన కూసోబెడితే చిన్న ఉద్యోగి ఏం మాట్లాడుతడు? నా అనుభవంల గిట్ల మింగినోళ్లు లొల్లి చెయ్యరు, సీజన్ అయినంక చెప్పకుండ మానేస్తరు.

20 మంది, అంతకెక్కువ కార్మికులుంటే ఫిర్యాదుల కమిటీ ఉండాలెనని పారిశ్రామిక వివాదాల చట్టంల 2010లనే చేర్చిన్రు. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌ల గూడ ఉన్నది. యజమాని దిక్కు ఎంతమందో, కార్మికుల దిక్కు అంతమందే. ఇంకోటి, లైంగిక వేధింపుల కాడ ఈ ‘సర్దుకపోండ్రి’ అసలే నడవది. 2013 చట్టం ప్రకారం ఫిర్యాదు చేసినామె అడిగితేనే రాజీ, అదీ కమిటీ ద్వారనే. పైసల మీద రాజీ కుదరది.

పాత ఫోర్‌మన్, హన్మకొండ:
విడిగ అడగాలె అన్నది ఒప్పుకుంట చెల్లే. కమిటీ అంటే మాత్రం భయమే. దాంట్ల కూసునేటోళ్లు గూడ యజమాని మనుషులే అయితే?

కాజీపేట అక్క, హెచ్ఆర్:
అందుకే కార్మికుల దిక్కు పేర్లు కార్మికులే చెప్పాలె. మా దాంట్ల అది తెచ్చుకునుడుకే చానా కొట్లాడినం.

బిల్లింగ్ తమ్ముడు, వరంగల్:
మా దాంట్ల కమిటీ లేదక్కా. రేపు మేనేజర్‌ను ఒక్కన్నే కలిసి అడుగుత: బాండు చేసే ముందుగాల లాట్ చీటీ మీద ఇన్‌చార్జి సంతకం ఉండాలె అని. తిట్టిన ముచ్చట గూడ చెప్త. హమాలీల ముందట అన్నడు గద, మాట వాళ్ల ముందటనే వాపస్ తీసుకోవాలె.